పలుపు లేకుండా అమ్మిన పడవ

పడవ అమ్మకానికి ప్రకటన రాసిపెట్టమని మా బావ అడిగినప్పుడు, ఎన్ని వాక్యాల్లో రాయాలి అన్నాను. ముప్పై ఏళ్ళు పత్రికకు వార్తలు రాసినవాడికి మొదట తట్టే ప్రశ్న అదే.

"ఉన్నదంతా రాయి బామ్మర్దీ," అన్నాడు బావ.

బావ అంటే మా అక్క భర్త. పెద్దారవీడుకు అవతలి పల్లెలో, గొర్రెలూ మేకలూ మేపుకునే ఇంట్లో పుట్టినవాడు. ఇరవై ఏళ్ళకే బొంబాయి పోయి సరుకు ఓడల్లో చేరి, తాళ్ళూ లంగర్లూ చూసే మేస్త్రీ దాకా ఎదిగాడు. ఉద్యోగం చివరి రోజుల్లో, ఎవరో విదేశీ దంపతులు కొచ్చిలో వదిలేసి పోతున్న తెరచాప పడవను కొన్నాడు. ముప్పై ఒక్క అడుగుల పొడవు. అది ఏ రకం పడవో నాకు చాలాకాలం అర్థం కాలేదు. పందేలకు చేసే పడవలు వేరట, లోపల వండుకుని పడుకుని దూరాలు తిరిగే పడవలు వేరట. ఇది రెండు పనులకూ పనికొచ్చేదట. చివరికి బావే నాకు అందేట్టు చెప్పాడు: "బండలాగుడు పందేనికి తోలితే గెలుస్తది, మర్నాడు నాగలి కడితే సేద్యమూ చేస్తది. అట్లాంటి ఎద్దు అనుకో."

ఏటా కొన్ని నెలలు ఆ పడవలో తూర్పు తీరం వెంట తిరిగేవాడు. మిగిలిన నెలలు ఊళ్ళో కంది చేను చూసుకునేవాడు. అట్లా ఉండగా పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది. మాట కొంచెం ముద్దయింది. అదే ఏడు, పడవను ఉంచిన రేవులో యార్డు మూసేస్తున్నామని కబురు వచ్చింది. అక్కడికక్కడే ఎవరికో ఒకరికి అమ్మేస్తే తీరిపోయేది. బావ ఒప్పుకోలేదు. "నా కండ్ల ముందర తెచ్చి పెట్టండి," అన్నాడు. పెద్ద ట్రైలరు మీద పడవ, దానికి ముందు నలుగురు మనుషులు పంగల కర్రలతో కరెంటు తీగలు పైకెత్తి పట్టుకుంటూ, అలా సముద్రపు పడవ నల్లమల కిందికి నడిచి వచ్చింది. ఇంటి పక్క చేలో ఇనుప కాళ్ళ మీద నిలబెట్టారు. తెరచాప కట్టే నిలువు గొట్టం, దాన్ని మాస్టు అంటారు, నలభై రెండు అడుగులది, విప్పి పక్కన చెక్క దిమ్మెల మీద పడుకోబెట్టారు.

కొన్నాళ్ళు ఊరికి తిరునాళ్ళే. యర్రగొండపాలెం నుంచి, కనిగిరి నుంచి కూడా వచ్చి ఫోటోలు దిగి పోయారు. వార్త రాస్తానంటే బావ చేతులు జోడించబోయి, ఒక్క చెయ్యే లేచేసరికి నవ్వి, "వద్దు సామీ, ఇప్పటికే టీ నీళ్ళకు పాలు చాలడం లేదు మీ అక్కకు," అన్నాడు. తర్వాత జనానికి అలవాటైపోయింది. మధ్యాహ్నం మేకలు పడవ నీడకు చేరేవి. అక్క దాని పైకప్పు మీద వడియాలు పెట్టేది. "మేకలు ఎక్కలేని చోటు ఈ ఊరి మొత్తానికి ఇదొక్కటే," అనేది. సాయంత్రాలు మొగుడూ పెళ్ళాలు ఇద్దరూ, కట్టించుకున్న మెట్ల మీదుగా మెల్లగా ఎక్కి, పడవ వెనకవైపు కూచునేవాళ్ళు. చీకటి పడేవేళకు దిగేవాళ్ళు. అంతసేపు అక్కడేం చేస్తారని నేను అడగలేదు.

రెండు వేసవులు గడిచాయి. మా వేసవి సంగతి చెప్పేదేముంది, ఇనుప గేటు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పడవ పైపూత పెళుసుబారి సన్నగా పగుళ్ళిచ్చింది. ఒక పొద్దున బావ ఆ పగులు మీద వేలితో రాస్తూ, "నీళ్ళల్లో ఉండాల్సినదాన్ని తెచ్చి పెనం మీద పెట్టినా. ఇంకొక ఎండాకాలం ఇక్కడే ఉంటే ఇది పడవ కాదు," అన్నాడు. అమ్మాలి. కానీ దాన్ని నీళ్ళ మీద నడిపేవాళ్ళకే అమ్మాలి. ఆయన కోరిక అంతే. ప్రకటన మాట అప్పుడే వచ్చింది.

నేను రాసింది నాలుగు వాక్యాలు. మూడో వాక్యం, మంచి స్థితిలో ఉంది అని. బావ ఎడమ చేత్తో పెన్ను తీసుకుని ఆ వాక్యం కొట్టేశాడు.

"ఏం మంచి స్థితి? ఇంజను నూనె కారుస్తది. మాస్టు నిలబడే చోట డెక్కు చెమ్మ పట్టి మెత్తబడింది. ఒకసారి ఇసక మేటకు తగిలితే అడుగున సీసపు రెక్క బోల్టులు మళ్ళా బిగించినాం. అన్నీ రాయి."

అక్క గుమ్మంలో కూచుని కందులు చెరుగుతోంది. చాట ఆపింది.

"బర్రెను అమ్మేవాడు ఎవడన్నా ఇది తంతది, పాలు చేపదు అని దండోరా వేసుకుంటాడా?"

"బర్రె తంతే పాలు ఒలుకుతాయి. ఇది తంతే మనిషి మునుగుతాడు," అన్నాడు బావ.

అక్క మళ్ళీ చెరగడం మొదలుపెట్టింది. ప్రకటన రెండు పేజీలు అయింది. మా అమ్మాయి దాన్ని ఇంగ్లీషులోకి మార్చి, పడవల వాళ్ళు చూసుకునే వెబ్‌సైటులో పెట్టింది.

రెండు నెలలు ఎవరూ పలకలేదు. మొదట ఫోన్ చేసినవాడు కర్నూలు రోడ్డు మీద హోటలు పెట్టబోతున్న ఒకాయన. చూడ్డానికి కూడా రానక్కర్లేదన్నాడు. "పక్కన ఒక తలుపు కోయిస్తాం సార్. లోపల నాలుగు టేబుళ్ళు. బయట నీలం లైట్లు. ఫ్యామిలీలు ఎగబడతాయి." ఆయన మర్యాదస్తుడే. ఆ మాటలు నేను బావకు ఉన్నవున్నట్టు చెప్పాను. తలుపు కోయడం దగ్గర బావ కళ్ళు మూసుకున్నాడు. రెండు రోజులు ఏమీ చెప్పలేదు. మూడోనాడు, "ఎండలో పగిలిపోయేదానికన్నా అదే నయమేమో," అన్నాడు. ఆ గొంతు నాకు నచ్చలేదు.

సరిగ్గా అప్పుడే ఒక అమ్మాయి రాసింది. కాకినాడ పిల్ల, చెన్నైలో ఉద్యోగం, చిన్నప్పటి నుంచి పడవ పందేల్లో పాల్గొన్నదట. తప్పులన్నీ చెప్పి అమ్ముతున్న పడవ ఇదొక్కటే చూశాననీ, బుధవారం వచ్చి చూస్తాననీ రాసింది. హోటలాయనను శుక్రవారం దాకా ఆగమన్నాం. ఆయన అప్పటికే క్రేను మాట్లాడుకున్నాడు.

మంగళవారం సాయంత్రం నేను వెళ్ళేసరికి, పెరట్లో దండెం నిండా పడవ తాళ్ళు ఆరుతున్నాయి. తెల్లవాటిలో ఎర్రపోగో, నీలప్పోగో కలిపి నేసిన లావాటి తాళ్ళు. సబ్బు వాసన వేస్తున్నాయి. 

"భలే తోమినావే అక్కా," అన్నాను.

"రేపు కొనేవాళ్ళు వస్తున్నారు గదా," అంది. 

పెళ్ళిచూపులకు ఇల్లు సర్దినట్టు సర్దుతోంది అనుకుని సంతోషంగా ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున స్టేషను నుంచి ఆ అమ్మాయిని నేనే తీసుకొచ్చాను. ముప్పై లోపు వయసు. భుజాన సంచి, చేతిలో చిన్న కొయ్య సుత్తి.

"ఒక్కదానివే వచ్చినావా అమ్మా, ఇంత దూరం?" అంది అక్క.

"ఒక్కదాన్నేనండి ఆంటీ."

"ఆంటీ ఏంది, ఆంటీ! పెద్దమ్మా అను. వినడానికన్నా బాగుంటది."

ఆ పిల్ల పడవ చుట్టూ తిరిగి, కుండ చూసినట్టు జానెడు జానెడుకూ సుత్తితో తట్టి, చెవి ఆనించి విన్నది. లోపలికి పోయి చెక్కలు ఎత్తి చూసింది. ఇంజను కింద చెయ్యి పెట్టి నూనె చూసుకుంది. గంటన్నర తర్వాత దుమ్ము కొట్టుకున్న ముఖంతో దిగి వచ్చింది. "మీరు రాసినవే ఉన్నాయండి, అంతకుమించి ఏమీ లేవు," అంది. కుర్చీలో కూచున్న బావ తల ఊపాడు. చాలా రోజుల తర్వాత ఆయన వెన్ను నిటారుగా చూశాను.

ఆ తర్వాత ఆ అమ్మాయి మాస్టు దగ్గరికి పోయింది. ఒక చివర వంగి చూసింది. రెండో చివరకు నడిచి అక్కడా వంగి చూసింది.

"తాళ్ళేవండీ?"

బావ మాస్టు వైపు చూశాడు, నా వైపు చూశాడు. నాకు పెరట్లో దండెం గుర్తొచ్చింది.

"నేనే తీసినా," అంది అక్క, దాచేదేమీ లేనట్టు. "అన్నీ లాగేసి, ఉతికి, లోపల మేకుకు తగిలించినా."

"మాస్టు లోపలివి కూడానా?"

"లోపలివీ, బయటివీ. అమ్మిన జీవానికి తాడు ఇయ్యరు గదమ్మా."

ఆ అమ్మాయికి అర్థం కాలేదు. నేను చెప్పాను. మా వైపు ఆవునో బర్రెనో అమ్మితే మెడలోని పలుపు మాత్రం ఇవ్వరు. పశువు పోయినా పాడి పోకూడదని పలుపు ఇంట్లోనే ఉంచుకుంటారు. కొనేవాడు తన తాడు తానే తెచ్చుకుంటాడు. అక్క పుట్టిందీ మెట్టిందీ పశువులున్న ఇళ్ళల్లో. అమ్మకం అంటే ఆమెకు ఒకటే పద్ధతి తెలుసు.

ఈ పద్ధతి నాకూ తెలిసినదే. ముందురోజు ఆరుతున్న తాళ్ళు కళ్ళారా చూశాను. అయినా ఆ రెంటినీ కలిపి చూడలేకపోయాను.

చిక్కు ఏమిటంటే, తెరచాపను పైకి లాగే తాళ్ళు నాలుగూ మాస్టు లోపలి బోలులోంచి పోతాయి. కొత్త తాడు వెయ్యాలంటే పాతదాని తోకకు కొత్తది కట్టి లాగుతారు. పాతది బయటికి వస్తుంటే కొత్తది లోపలికి పోతుంది. పాతవన్నీ ఒకేసారి లాగేస్తే, నలభై రెండు అడుగుల చీకటి గొట్టంలో నాలుగు తాళ్ళను ఒకదానికొకటి మెలిపడకుండా మళ్ళీ ఎక్కించుకోవాలి.

బావ అంతసేపటికి నోరు విప్పాడు. మాట ముద్దముద్దగా వచ్చింది కానీ అందరికీ వినబడింది.

"కొత్త పలుపు కట్టకుండా పాతది విప్పుతారా యాడన్నా? సంతలో అట్ల విప్పితే ఏమయితది?"

అక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో," అంది. "జీవం పారిపోతది."

ఆ అమ్మాయి దిమ్మె మీద కూచుని ఫోన్‌లో ఎవరితోనో మాట్లాడింది. ఆ పని తెలిసినవాళ్ళు ఇంత దూరం రారట. మాస్టు లోపల ఏది తెగిందో, ఏది ఇరుక్కుందో తెలియకుండా తీసుకోవడం భయమట. "అన్నీ చెప్పినవాళ్ళు ఇదొక్కటీ చెప్పలేదేమిటా అనిపించిందండి. తప్పుగా అనుకోకండి," అంది. చివరికి, "ఆలోచించుకుని చెప్తాను," అంది. ఆ మాట నేను ఎన్ని ఆఫీసుల్లో విన్నానో లెక్కలేదు. దాని అర్థం నాకు తెలుసు, బావకూ తెలుసు. ఆమె రైలు సాయంత్రం. హోటలాయన క్రేను ఎల్లుండి.

అప్పుడు నాకు మా బోరు మెకానిక్కు గుర్తొచ్చాడు. మా ప్రాంతంలో బోర్లు ఎండడం, మోటార్లు తెగి అడుగుకు పడడం మామూలు. పడిన మోటారును కొక్కెం వేసి పైకి తీసే మనిషి ఆయన. పిలిచిన అరగంటకు మోటారుసైకిల్ మీద వచ్చాడు. వెనక తాళ్ళ చుట్ట, ఇనుప కొక్కేలు, గోనెపట్టాలో చుట్టిన అద్దం.

"ఏంది వదినా, అన్న పడవ తాళ్ళు నువ్వు దొబ్బినావంట గదా!"

"నోరు ముయ్యి. పని చూడు."

ఆయన మాస్టు చివర గొంతుక్కూచుని, ఒక కన్ను మూసి చూశాడు. "ఎంత లోతు?"

"నలభై రెండు అడుగులు," అన్నాను.

"మావి ఎనిమిది వందల అడుగులు సార్. ఇది బోరు గాదు, పండుకోనున్న గొట్టం."

పని అంత సులువుగా కాలేదు. మాస్టు ఒక చివర ట్రాక్టరు ట్రాలీ మీదికి ఎత్తి వాలు చేశారు. ఆయన అద్దం పట్టి ఎండను లోపలికి కొట్టాడు. బోరులోకి చూడ్డానికి ఎప్పుడూ చేసే పనే. ఆ అమ్మాయి కింది చివర పడుకుని చూస్తూ, "కుడికి, కుడికి, అక్కడ కరెంటు వైరుందండి, దాని అవతలికి," అని చెబుతోంది. ఆయన సన్న తాడు కొసకు నట్టు కట్టి వదిలి, గొట్టాన్ని అరచేత్తో తడుతూ దించాడు. మొదటిది పది నిమిషాల్లో దిగింది. మూడోది రెండోదానితో మెలిపడింది. మొత్తం లాగి మళ్ళీ వదిలారు. 

"నువ్వు మా ఊళ్ళో పుట్టాల్సిందానివి పాపా, నీ కన్నుంటే నాకు రోజూ రెండు మోటార్లు లేస్తాయి," అన్నాడు. 

ఆ పిల్ల ఆ రోజు మొదటిసారి నవ్వింది. మధ్యాహ్నం భోజనం ఎవరికీ గుర్తు రాలేదు.

నాలుగు సన్న తాళ్ళూ అటు నుంచి ఇటు వచ్చాయి. ఇక వాటికి మోటార్లు వేలాడదీసే గట్టి తాడు కట్టి లాగాలి. మెకానిక్కు ముడి వెయ్యబోతే బావ, "ముడి వద్దు," అన్నాడు. "మాస్టు కొసన తాడు తిరిగే చక్రం దగ్గర ఇరుక్కుంటది. ఇట్ల తే."

రెండు కొసలూ తెచ్చి ఆయన ఒళ్ళో పెట్టాం. కొసకు కొస ఆనించి, పైన దారం బిగించి చుట్టి, లావు తెలియకుండా కలపాలి. దానికి రెండు చేతులు కావాలి. ఆయన ఎడమ చెయ్యి చాచాడు. కుడి చెయ్యి ఒళ్ళో అట్లాగే ఉంది. నేను సాయం చేద్దామని లేచాను.

అక్క నా కంటే ముందే వచ్చి ఆయనకు కుడివైపు, భుజానికి భుజం ఆనించి కూచుంది. ఆయన ఎడమ చెయ్యి కొసలను పట్టుకుంది, ఆమె కుడి చెయ్యి దారం చుట్టింది. ఆయన కొసలను అర అంగుళం తిప్పాడు, ఆమె బిగించింది. ఆయన బొటనవేలు ఎత్తితే ఆమె దారం ఆ సందులోంచి దూర్చింది. ఇద్దరూ తాడు వైపే చూస్తున్నారు. కలిసి రెండేళ్ళు చేసిన పని అది. సాయంత్రాలు పడవ ఎక్కి ఏం చేస్తారో నేను అడగని ప్రశ్నకు జవాబు నా ఎదుటే ఉంది.

ఆ అమ్మాయి చేతిలో కత్తెర పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

"డాక్టరు బంతి ఇచ్చినాడమ్మా, పిసుకుతా ఉండమని," అంది అక్క, తల ఎత్తకుండానే. "ఈయన దాన్ని మేకల మీదికి ఇసిరేసినాడు. తాడిస్తే మటుకు పట్టుకుంటాడు. మరి తాడుకు రెండు చేతులు గావాల గదా."

నాలుగు అతుకులు వేశారు. నాలుగూ చక్రం మీదుగా ఆగకుండా పోయాయి. ఆ అమ్మాయి ఒక్కొక్కటీ తానే లాగి చూసి, కొసలు మాస్టుకు కట్టేసింది. తర్వాత వచ్చి అక్క ముందు నేల మీద కూచుంది.

"ఆ పాత తాళ్ళు మీ దగ్గరే ఉంచుకోండి పెద్దమ్మా. అవెలాగూ మార్చాల్సినవే. ఇవి లోపల ఉంటే చాలు, నా తాళ్ళు నేను తెచ్చుకుంటాను." బావ వైపు తిరిగి, "పడవ నేను తీసుకుంటానండి," అంది.

బావ ఎంతిస్తావని అడగలేదు. "ఎప్పుడు దింపుతావు నీళ్ళల్లో?" అన్నాడు.

"ఎండలు ముదరకముందే."

ఆయన సరే అన్నట్టు తల ఆడించి, ముఖం పక్కకు తిప్పుకున్నాడు. హోటలాయనకు నేను ఫోన్ చేసి చెప్పాను. ఆయన కాసేపు బాధపడి, "మీకు తెలిసినవాళ్ళ దగ్గర ఇంకో పడవుందా సార్?" అని అడిగాడు. పెద్దారవీడు మండలంలో ఇంకో పడవ లేదని చెప్పాల్సి వచ్చింది.

పది రోజులకు ట్రైలరు వచ్చింది. పడవను ఎక్కించారు. పక్కన మాస్టు పెట్టారు. కట్టబోయేసరికి డ్రైవరు తల గోక్కున్నాడు. చిన్న పడవ అంటే రెండే తాళ్ళు తెచ్చాడట, మాస్టుకు చాలవట. "అమ్మా, గట్టి తాడేమన్నా ఉంటే ఇయ్యండి," అన్నాడు, ఏమీ తెలియక.

అందరం అక్క వైపు చూశాం.

"ఈ ఊళ్ళో తాళ్ళే లేవా?" అంది అక్క.

"ఉండాయి వదినా," అన్నాడు బోరు మెకానిక్కు. "అన్నీ బోర్లలో ఉండాయి, మోటార్లకు వేలాడతా."

అక్క కొంచెంసేపు నిలబడింది. లోపలికి పోయి, ఎర్రపోగు తాడు ఒకటి, నీలప్పోగు తాడు ఒకటి చుట్టలుగా భుజాన వేసుకుని వచ్చింది. డ్రైవరుకు ఇవ్వలేదు, ఆ అమ్మాయి చేతిలో పెట్టింది.

"ఇది ఇచ్చింది గాదు. అరువు. పడవకు గాదు, లారీకి. దించినాక మళ్ళా నాకు తేవాల. పోస్టులో గాదు, నువ్వే తేవాల."

"నేనే తెస్తాను పెద్దమ్మా."

పంగల కర్రల వాళ్ళు ముందు నడిచారు. తీగలు ఎత్తారు. పడవ రోడ్డెక్కింది.

ఎండలు ముదరకముందే ఆ అమ్మాయి మాట నిలబెట్టుకుంది. ఒకరోజు ఫోన్‌లో బొమ్మ చూపిస్తూ మాట్లాడింది. తెరచాప, దాని వెనక నీళ్ళు, గాలి హోరుకు ఆమె మాట సగమే వినబడింది. బావ ఫోన్‌ను ముక్కు దగ్గర పెట్టుకుని, "ముందు తెరచాప తాడు కొంచెం వదులు, వదులు," అన్నాడు. ఆమె వదిలినట్టుంది. పడవ ఒరిగి ముందుకు దూకింది. ఫోన్ పెట్టేశాక బావ అక్కను మజ్జిగ అడిగాడు.

వానలు వచ్చి పోయాయి. కంది మళ్ళీ పూతకు వచ్చింది. తాళ్ళు ఇంకా రాలేదు. ఆ అమ్మాయి నెలకోసారి ఫోన్ చేస్తుంది, ప్రతిసారీ ఈసారి తప్పకుండా తెస్తానంటుంది. మొన్న నేనే అక్కతో అన్నాను, మర్చిపోయిందేమో, ఒకసారి గుర్తు చెయ్యమంటావా అని.

"ఏం వద్దు," అంది అక్క. "అరువు తీరిపోతే ఆ పిల్లకు మన ఊరితో ఏం పనుంటది?"